వియన్నా: రాణుల మేడలు చూసి వంటిల్లు మరవకండి

యూరప్ చూసి వచ్చినవాళ్ళను ఏమేం చూశారని అడగండి. పారిస్, రోమ్, స్విట్జర్లాండ్ మంచుకొండలు అని గడగడా చెప్తారు. వియన్నా పేరు ఎక్కడో చివర వస్తుంది. టూరిస్టు బస్సువాళ్ళు అక్కడ ఒక్క పూట ఆపుతారు. రాజుగారి మేడ ముందు ఫొటో దిగి, ఒక కేకు ముక్క తిని, మళ్ళీ బస్సెక్కేస్తారు. కానీ ఇల్లు నడిపే ఆడవాళ్ళు నింపాదిగా, నాలుగు రోజులు ఉండి చూడవలసిన ఊరు ఇది. ఎందుకంటే నీళ్ళు, వంట, బట్టలుతకడం, అద్దె ఇల్లు లాంటి మన రోజువారీ తిప్పలన్నిటి గురించీ ఒక ఊరు ఊరంతా కూర్చుని ఆలోచించిన చోటు అది.

ఈ రోజుల్లో మన పిల్లలు చాలామంది జర్మనీ, ఆస్ట్రియా వైపు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్తున్నారు. తల్లులు పురిటికనో, మనవల్ని చూసుకోవాలనో వెళ్ళి రెండు మూడు నెలలు ఉంటున్నారు. వండి పెట్టడం, కిటికీలోంచి వీధి చూడటం తప్ప మరో పని లేదని విసుక్కుంటారు. జర్మనీలోని మ్యూనిక్ నుంచి వియన్నా రైలులో నాలుగు గంటల ప్రయాణం. పిల్లలను అడిగి టికెట్టు కొనిపించుకోండి. వెళ్ళకముందు ఈ నాలుగు మాటలూ చదువుకోండి.

ఊరి స్వరూపం

వియన్నా ఆస్ట్రియా దేశానికి రాజధాని. జనాభా దాదాపు 20 లక్షలు. డాన్యూబ్ నది ఒడ్డున ఉంది. హాప్స్‌బర్గ్ వంశపు చక్రవర్తులు 1918 దాకా ఇక్కడి నుంచే పాలించారు. ఊరిని 23 వార్డులుగా విభజించారు. నడిమధ్యన ఉన్నది ఒకటో వార్డు, అదే పాత పట్నం. దాని చుట్టూ ఒకప్పుడు కోటగోడ ఉండేది. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి ఆ గోడ పడగొట్టించి, ఆ స్థలంలో అయిదు కిలోమీటర్ల పైచిలుకు పొడవున ఒక విశాలమైన రోడ్డు వేయించాడు. దాన్నే రింగ్ అంటారు. పార్లమెంటు, నగర సభాభవనం, విశ్వవిద్యాలయం, సంగీత నాటకశాల అన్నీ ఈ రోడ్డు మీదే వరసగా ఉంటాయి. రింగ్ మీద ట్రామ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, కాళ్ళు నొప్పి లేకుండా సగం ఊరు చూసినట్టే.

భూగర్భ రైళ్ళలో ఆకుపచ్చ రంగు గీతతో సూచించే యూ-4 అనే లైను ఒకటుంది. నేను చెప్పబోయే చోట్లు చాలా వరకు దాని మీదే ఉన్నాయి. ఒక చివర్న మహారాణి మేడ, రెండో చివర్న కూలీనాలీ జనం కోసం కట్టిన ఇళ్ళు. మధ్యలో కూరగాయల బజారు. ఆ ఒక్క లైను గుర్తు పెట్టుకుంటే తప్పిపోయే భయం లేదు.

నడిబొడ్డున చర్చి

పాత పట్నం మధ్యలో సెయింట్ స్టీఫెన్ చర్చి ఉంది. దక్షిణపు గోపురం ఎత్తు 136 మీటర్లు. కప్పు మీద రంగురంగుల పెంకులు ముగ్గు వేసినట్టు పరిచారు. అవి రెండు లక్షలకు పైగా ఉన్నాయి. దక్షిణపు గోపురం ఎక్కాలంటే 343 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉత్తరపు గోపురానికి లిఫ్టులో వెళ్ళొచ్చు. అక్కడ పుమ్మెరిన్ అనే పెద్ద గంట ఉంది. తురుష్కులు వదిలిపోయిన ఫిరంగులను కరిగించి 1711లో మొదటి గంటను పోతపోశారు. 1945లో యుద్ధం చివరి రోజుల్లో చర్చి కప్పు కాలిపోయి, గంట కిందపడి ముక్కలైంది. ఆ ముక్కలనే కరిగించి 1951లో మళ్ళీ పోతపోశారు. కొత్త సంవత్సరం అర్ధరాత్రి దాన్ని మోగిస్తారు.

అక్కడికి రెండడుగుల దూరంలో గ్రాబెన్ అనే వీధి. బట్టల దుకాణాల మధ్య తెల్లటి రాతి స్తంభం ఒకటి కనిపిస్తుంది. 1679లో ఊరికి ప్లేగు వచ్చి వేల మంది పోయారు. అప్పటి చక్రవర్తి, తెగులు తగ్గితే స్తంభం కట్టిస్తానని మొక్కుకున్నాడు. 1693లో అది పూర్తయింది. మన ఊళ్ళలో అమ్మవారు పోసినప్పుడు పోలేరమ్మకు మొక్కుకున్నట్టే కదూ! దేశం ఏదైతేనేం, భయం వచ్చినప్పుడు మనిషి చేసేది ఒకటే.

అత్తగారింట కోడలు పిల్ల

హోఫ్‌బుర్గ్ అనే పెద్ద కోట చక్రవర్తుల శీతాకాలపు నివాసం. లోపల ఎలిజబెత్ రాణి గదులు తప్పక చూడండి. ఆమెను అక్కడ ముద్దుగా సిసీ అంటారు. 1854లో పదహారేళ్ళ వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. అత్తగారు పరాయిదేం కాదు, స్వయానా పెద్దమ్మ. అయినా ఆ ఇంట్లో ఆ పిల్ల మాటకు చోటు లేకపోయింది. పుట్టిన పిల్లలను కూడా అత్తగారే తన చేతికింద పెట్టుకుని పెంచింది. పెద్ద కూతురు రెండేళ్ళకే పోయింది. కొడుకు రుడాల్ఫ్ 1889లో ప్రాణం తీసుకున్నాడు. చివరికి 1898లో జెనీవాలో ఒక హంతకుడి చేతిలో ఆమె చనిపోయింది.

ఆమె జుట్టు మడమల దాకా ఉండేదట. రోజూ దువ్వడానికే రెండు మూడు గంటలు పట్టేది. తల దువ్వించుకునే ఆ గదిలోనే వ్యాయామం చేసే కర్రలు, వేలాడే రింగులు ఉన్నాయి. సన్నగా ఉండాలని తిండి మానేసి కసరత్తు చేసేది. 1876లో ఆమె కోసం పెట్టించిన స్నానాల గది, రాగితొట్టి కూడా చూపిస్తారు. అంత పెద్ద రాజప్రాసాదంలో అప్పటిదాకా సరైన స్నానాల గదే లేదంటే ఆశ్చర్యం! పక్క గదుల్లో చక్రవర్తి మంచం చూడండి, మామూలు ఇనప మంచం. తెల్లవారుజామున నాలుగుకు ముందే లేచి కాగితాల ముందు కూర్చునేవాడు. బంగారు పూత గోడల మధ్య ఆ ఇద్దరూ ఎంత ఒంటరిగా బతికారో ఆ గదులే చెప్తాయి.

పదహారుమంది పిల్లల తల్లి

ఇప్పుడు యూ-4 ఎక్కి షోన్‌బ్రున్ స్టేషన్లో దిగండి. ఇది వేసవి మేడ. మొత్తం 1,441 గదులు. కంగారు పడకండి, మనకు చూపించేది నలభై గదులే. దీన్ని ఇప్పుడున్న తీరుకు తెచ్చింది మేరియా తెరీసా. 1740 నుంచి 1780 దాకా నలభై ఏళ్ళు పాలించింది. ఆమెకు పదహారుమంది పిల్లలు. ఫ్రాన్సు రాణి అయి తల పోగొట్టుకున్న మేరీ ఆంట్వానెట్ వాళ్ళలో పదిహేనోది. ఒక పక్క యుద్ధాలు, ఒక పక్క పురుళ్ళు!

ఆ కుటుంబాన్ని మశూచి పీడించింది. 1767లో మహారాణికే సోకి, చావు తప్పి బయటపడింది. మరుసటి ఏడాదే ధైర్యం చేసి తన పిల్లలకు మశూచి టీకా వేయించింది. రాజుగారి పిల్లలే వేయించుకున్నారని చూశాకే ఊళ్ళో జనానికి భయం తగ్గింది. 1774లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ చదువు తప్పనిసరి అని చట్టం చేసింది.

గదులు చూస్తున్నప్పుడు మూలల్లో తెల్లటి పింగాణీ పొయ్యిలు కనిపిస్తాయి. చలికాలం గది వెచ్చగా ఉండటానికి అవి. ఎక్కడా తలుపు ఉండదు. కట్టెలు ఎలా వేసేవారో తెలుసా? గోడ వెనకాల నౌకర్లు తిరిగే సన్నటి దారి ఉంది. అటు నుంచి కట్టెలు వేసేవారు. గదిలో మసి పడకూడదు, నౌకరు కంటపడకూడదు. ఆ గోడ వెనక తెల్లవార్లూ కట్టెలు మోసిన వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మీరు అక్కడ నిలబడినప్పుడు వాళ్ళను ఒక్క నిమిషం తలుచుకోండి.

వెనక తోట చాలా పెద్దది. కొండ మీద గ్లోరియెట్ అనే మండపం దాకా నడిస్తే ఊరంతా కనిపిస్తుంది. ఆ తోటలోనే 1752లో మొదలైన జంతు ప్రదర్శనశాల ఉంది. ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతది అదే. మనవలు వెంట ఉంటే ఒక రోజు దీనికే సరిపోతుంది.

బొమ్మలో పెళ్ళి విందు

రింగ్ రోడ్డు మీద ఎదురెదురుగా కవల పిల్లల్లాంటి రెండు మ్యూజియాలున్నాయి. ఒకటి ప్రకృతి శాస్త్రానిది. అందులో విల్లెన్‌డార్ఫ్ అనే ఊళ్ళో 1908లో దొరికిన 11 సెంటీమీటర్ల రాతి స్త్రీమూర్తి ఉంది. వయసు సుమారు 29,000 ఏళ్ళు పైనే. జానెడు కూడా లేని ఆ బొమ్మను చూడటానికి జనం బారులు తీరతారు.

రెండోది చిత్రకళది. అందులో బ్రూగెల్ అనే చిత్రకారుడి గది వెతుక్కుని వెళ్ళండి. ఆయన 1567 ప్రాంతంలో వేసిన పల్లెటూరి పెళ్ళి విందు బొమ్మ ఉంది. ధాన్యపు కొట్టంలో బల్లలు వేశారు. వడ్డించేవాళ్ళు పళ్ళెం చాలక ఊడదీసిన తలుపు మీద గిన్నెలు పెట్టి మోసుకొస్తున్నారు. పెళ్ళికూతురు చేతులు ముడుచుకుని బుద్ధిగా కూర్చుంది. పెళ్ళికొడుకు ఎవరో మాత్రం ఎంత వెతికినా తేలదు. ముందువైపు నెమలి ఈక పెట్టుకున్న టోపీ కళ్ళ మీదికి జారిన చంటిపిల్ల గిన్నె నాకుతోంది. చిత్రకళ గురించి మనకేం తెలుసులే అనుకునేవాళ్ళు కూడా ఈ బొమ్మ ముందు పదిహేను నిమిషాలు నిలబడతారు. పెళ్ళిళ్ళలో వడ్డనలు చూసిన కళ్ళు మనవి!

కూరగాయల బజారు, కాఫీ, కేకు

యూ-4లో కెట్టెన్‌బ్రూకెన్‌గాస్సె అనే నోరు తిరగని స్టేషన్లో దిగితే నాష్‌మార్క్ట్ బజారు. ఒక చిన్న నది మీద కప్పు వేసి, ఆ పైన దుకాణాలు పెట్టారు. పళ్ళు, జున్ను, ఊరగాయలు, ఆలివ్ కాయలు, మనకు తెలిసిన మసాలా దినుసులు కూడా దొరుకుతాయి. శనివారాలు పక్కనే పాత సామాన్ల సంత జరుగుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. బజారు ఒక చివర్న 1898లో కట్టిన సెసెషన్ భవనం ఉంది. దాని నెత్తిన బంగారు ఆకుల గుండ్రటి గోళం. ఊళ్ళోవాళ్ళు దాన్ని వేళాకోళంగా బంగారు క్యాబేజీ అంటారు. చూస్తే మీరూ అదే అంటారు. కింద గదిలో క్లిమ్ట్ గోడమీద వేసిన పెద్ద చిత్రం ఉంది.

కాఫీ సంగతికి వద్దాం. కాఫీ హోటల్లో ఒక కప్పు తీసుకుని మూడు గంటలు కూర్చున్నా లేవమని ఎవరూ అనరు. చిన్న ట్రేలో కాఫీతో పాటు గ్లాసు మంచినీళ్ళు తెచ్చిపెడతారు. మెలాంజ్ అని అడిగితే పాల నురగతో వస్తుంది, మన నోటికి అదే దగ్గర. ఒంటరిగా ఆడవాళ్ళు పత్రిక చదువుకుంటూ కూర్చోవడం అక్కడ మామూలే. మీరూ మొహమాటపడకండి.

సాహెర్ టోర్టె అనే చాకొలెట్ కేకు అక్కడ ప్రసిద్ధి. 1832లో పదహారేళ్ళ వంట కుర్రాడు ఫ్రాంజ్ సాహెర్ దీన్ని తయారుచేశాడని చెప్తారు. తర్వాత సాహెర్ హోటలుకూ, డెమెల్ మిఠాయి దుకాణానికీ దీని మీద ఏళ్ళ తరబడి కోర్టు దావా నడిచింది. 1963లో రాజీ పడ్డారు. సాహెర్ వాళ్ళు ఆప్రికాట్ జామ్ కేకు మధ్యలో కూడా పూస్తారు, డెమెల్ వాళ్ళు పైన మాత్రమే. ఇంత చిన్న సంగతికి అంత గొడవా అనకండి, మన ఇళ్ళలో పులిహోరలో ఇంగువ వేయాలా వద్దా అని తగువు లేదూ! గుడ్డు తిననివాళ్ళు మాత్రం ఈ కేకు జోలికి పోవద్దు.

వాళ్ళ యాపిల్ స్ట్రూడెల్ చూస్తే మన ఆత్రేయపురం పూతరేకులు గుర్తొస్తాయి. మైదాను నూనె, గోరువెచ్చని నీళ్ళతో మెత్తగా కలిపి నాననిస్తారు. బల్ల మీద గుడ్డ పరిచి, పిండిని మొదట కర్రతో వత్తి, తర్వాత చేతుల వెనకవైపుతో లాగుతూ పల్చగా సాగదీస్తారు. కింద పెట్టిన కాగితం మీద అక్షరాలు కనిపించాలట! అందులో యాపిల్ ముక్కలు, కిస్‌మిస్, దాల్చినచెక్క పొడి, వెన్నలో వేయించిన బ్రెడ్ పొడి పరిచి, గుడ్డతోనే చాపలా చుట్టి కాలుస్తారు.

శాకాహారులు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పేరుమోసిన వియన్నా ష్నిట్జెల్ దూడమాంసంతో చేస్తారు. పేరుకు బంగాళాదుంప సలాడ్ అయినా అందులో తరచు గొడ్డుమాంసం ఉడికించిన రసం పోస్తారు. సూపులూ అంతే. కనుక అడగకుండా ఏదీ తినవద్దు. ‘‘ఇఖ్ ఎస్సె కైన్ ఫ్లైష్’’ అంటే నేను మాంసం తినను అని. ఈ ముక్క కంఠతా పట్టేయండి.

వంటగదికి నక్షా గీసిన ఆవిడ

ఇప్పుడు మన సొంత విషయం. అలమరలు, గట్టు, సింకు అన్నీ ఒద్దికగా అమర్చిన ఇప్పటి వంటగది ఎక్కడిదనుకున్నారు? 1926లో మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే వియన్నా ఆవిడ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ ఇళ్ళ కోసం గీసింది. ఆడవాళ్ళకు భవన నిర్మాణం నేర్పడమేమిటని నవ్వే రోజుల్లో వియన్నాలో ఆ చదువు చదివింది. ఇల్లాలు వంటింట్లో ఎన్ని అడుగులు వేస్తోంది, ఏ పనికి ఎన్ని నిమిషాలు పడుతోంది అని గడియారం పెట్టి లెక్క కట్టింది. రైల్లో భోజనాల పెట్టెలో ఇరుకు వంటగదిని చూసి నేర్చుకుంది.

ఆ గది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. కిటికీ కింద కూరలు తరుక్కునే బల్ల, దాని ముందు కూర్చునే స్టూలు. బల్లకే చెత్త తోసేసే సొరుగు. బియ్యం, పంచదార లాంటి వాటికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. గోడకు మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల. ఈగలు వాలవని నమ్మి నీలం రంగు. ఇలాంటివి దాదాపు పదివేల ఇళ్ళలో పెట్టారు. వియన్నాలో స్టాట్‌పార్క్ తోట దగ్గరున్న మాక్ అనే మ్యూజియంలో ఈ వంటగది నమూనా ఉంది. తోటలో బంగారు పూత పూసిన సంగీతకారుడు స్ట్రాస్ విగ్రహం చూసుకుని అటే వెళ్ళొచ్చు.

ఈ గదికి విమర్శలూ వచ్చాయి. ఇద్దరు పట్టరు, పిల్లలు ఆడుకునే చోటు లేదు, ఇల్లాలు ఒంటరైపోతుంది అన్నారు. అదీ నిజమే. మన పాత వంటిళ్ళు పొగచూరినా నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటుండేది. ఆ నమూనా ముందు నిలబడి, అడుగులు తగ్గడం మంచిదా, తోడు ఉండటం మంచిదా అని మీరే ఆలోచించుకోండి. నాకైతే రెండూ కావాలనిపిస్తుంది.

ఆవిడ కథ వంటింటితో ఆగలేదు. హిట్లర్‌కు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేస్తున్నందుకు 1941లో వియన్నాలోనే పట్టుబడింది. 15 ఏళ్ళ శిక్ష వేశారు. 1945లో బయటపడింది. 2000 జనవరిలో, 103వ పుట్టినరోజు అయిదు రోజులుందనగా కన్నుమూసింది. ఆమె చివరిదాకా ఉన్న ఇల్లు నాష్‌మార్క్ట్ దగ్గరే ఫ్రాంజెన్స్‌గాస్సె వీధిలో ఉంది. సందర్శకులకు చూపిస్తున్నారు, కానీ వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళండి.

కిలోమీటరు పొడవున ఒకే ఇల్లు

యూ-4 చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాట్. బయటికి వస్తే ఎదురుగా ఎర్రటి పెద్ద పెద్ద కమానులతో కార్ల్ మార్క్స్ హోఫ్. 1930లో ప్రారంభమైన ఈ కట్టడం పొడవు కిలోమీటరు పైనే. 1,382 ఇళ్ళు. నగరపాలక సంస్థ కార్మికుల కోసం కట్టించింది.

దీని విలువ తెలియాలంటే అంతకుముందు సంగతి తెలియాలి. పాత కాలపు అద్దె ఇళ్ళల్లో నీళ్ళ కుళాయి వసారాలో ఉండేది. అంతస్తు మొత్తానికి అదొక్కటే. మరుగుదొడ్డి కూడా బయటే, ఉమ్మడిగా. ఆ కుళాయిని బస్సెనా అనేవారు. దాని దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఊసులాడుకునేవారు, తగువులాడుకునేవారు. అక్కడి భాషలో పనికిరాని కబుర్లకు బస్సెనా పేరే పెట్టారు. మన వీధి కుళాయిలు తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా?

1923లో నగరపాలక సంస్థ ఇళ్ళ కోసం ప్రత్యేకంగా పన్ను వేసింది. పెద్ద బంగళాలవాళ్ళకు ఎక్కువ, చిన్న కొంపలవాళ్ళకు తక్కువ. ఆ డబ్బుతో పదేళ్ళలో అరవై వేలకు పైగా ఇళ్ళు కట్టారు. ప్రతి ఇంట్లో కుళాయి, మరుగుదొడ్డి. కార్ల్ మార్క్స్ హోఫ్‌లో స్థలంలో అయిదో వంతు కూడా కట్టడం లేదు, మిగతాదంతా తోటలూ పిల్లల ఆటస్థలాలూ. అందరికీ కలిపి బాలవాడీలు, గ్రంథాలయం, స్నానశాలలు, యంత్రాలతో బట్టలుతికే పెద్ద గదులు. ఒక పాత ఉతుకుడు గదిలోనే ఇప్పుడు ఆ రోజుల సంగతులు చెప్పే ప్రదర్శన పెట్టారు. 1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం వచ్చి సైన్యం ఈ ఇళ్ళ మీదే ఫిరంగులు పేల్చింది. అయినా ఇళ్ళు నిలిచాయి, జనం ఇంకా కాపురం ఉంటున్నారు. ఇప్పటికీ వియన్నాలో సుమారు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్ళలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్ళలోనో ఉంటున్నారు. అక్కడికి వెళ్ళినప్పుడు కిటికీల్లోకి తొంగిచూడటం, ఫొటోలు తీయడం చేయకండి. అవి మ్యూజియాలు కావు, సంసారాలు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక స్టేషన్ ముందు స్పిట్టెలావ్‌లో బంగారు బంతి పెట్టిన రంగుల పొగగొట్టం కనిపిస్తుంది. అది గుడి కాదు, మేడ కాదు. ఊరి చెత్తను కాల్చి, ఆ వేడితో వేల ఇళ్ళకు వేడినీళ్ళు, వెచ్చదనం పంపే కార్ఖానా. 1987లో అగ్నిప్రమాదం జరిగాక హుండర్ట్‌వాసర్ అనే చిత్రకారుడు దానికి ఈ సోకు చేశాడు.

నీళ్ళ సంగతీ చెప్పాలి. ఒకప్పుడు బావినీళ్ళు తాగి కలరా, టైఫాయిడ్‌తో జనం చచ్చిపోయేవారు. 1873లో కొండల్లోని ఊటల నుంచి ఊరికి కాలువ తెచ్చారు. 1910లో రెండోది. పంపులు లేకుండా వాలు మీదే నీళ్ళు వస్తాయి. ఇవాళ్టికీ కుళాయి తిప్పి పట్టుకున్న నీళ్ళు అలాగే తాగొచ్చు. సీసా నీళ్ళకు డబ్బు తగలేయకండి.

సామాను లేని ఇల్లు

వియన్నాలో అందమే కాదు, సిగ్గుపడే చరిత్రా ఉంది. అది చూడకుండా వస్తే ఊరు సగమే చూసినట్టు. యూ-4లో రోసావర్ లెండె దగ్గర దిగి కాస్త నడిస్తే బెర్గ్‌గాస్సె వీధిలో 19వ నంబరు ఇల్లు. మనస్తత్వ శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ 1891 నుంచి 47 ఏళ్ళు అక్కడే కాపురం ఉన్నాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించి, హోఫ్‌బుర్గ్ మేడ వసారా మీది నుంచి ప్రసంగిస్తే లక్షల మంది జేజేలు కొట్టారు. ఫ్రాయిడ్ యూదుడు. 82 ఏళ్ళ వయసులో భార్యతో, కూతురుతో లండన్‌కు పారిపోవలసి వచ్చింది. ఆయన నలుగురు చెల్లెళ్ళు వెళ్ళలేక నాజీల చేతుల్లో చనిపోయారు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. రోగులు కూర్చునే గదిలో తప్ప చాలా గదుల్లో అప్పటి సామాను లేదు. ఆ ఖాళీయే మనసును పిండుతుంది.

పాత పట్నంలో యూడెన్‌ప్లాట్స్ అనే చిన్న కూడలి ఉంది. అక్కడ 2000లో కట్టిన స్మారకం ఒకటి చూడండి. సిమెంటుతో గ్రంథాలయంలా ఉంటుంది. పుస్తకాల వీపులు లోపలికి తిరిగి ఉంటాయి, ఏ పుస్తకం పేరూ చదవలేం. తలుపుకు పిడి లేదు, తెరవలేం. చంపేసిన 65,000 మందికి పైగా ఆస్ట్రియా యూదుల గుర్తుగా అది కట్టారు. రెండో వార్డులో నడుస్తుంటే ఇళ్ళ ముందు కాలిబాటలో చిన్న ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఆ ఇంట్లో ఒకప్పుడు ఉన్నవాళ్ళ పేర్లు వాటి మీద ఉంటాయి. తొక్కకుండా పక్కనుంచి నడవండి.

మన దేశానికి సంబంధించిన ఒక ఇల్లాలూ ఈ ఊళ్ళోనే ఉంది. నేతాజీ సుభాష్ చంద్రబోసు 1934లో వియన్నాలో పుస్తకం రాస్తున్నప్పుడు సాయం చేయడానికి వచ్చిన ఎమిలీ షెంకెల్ తర్వాత ఆయన భార్య అయింది. 1942లో వాళ్ళ పాప అనిత ఇక్కడే పుట్టింది. ఆ తర్వాత ఎమిలీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసి, ఒక్కతే పిల్లను పెంచింది. 1996లో పోయింది. ఆమె పేరుతో పెద్ద మేడ ఏమీ లేదు. ట్రామ్‌లో పోతున్నప్పుడు తలుచుకుంటే చాలు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

మే, సెప్టెంబరు నెలలు హాయిగా ఉంటాయి. డిసెంబరులో క్రిస్మస్ సంతలు బాగుంటాయి కానీ చలి వణికిస్తుంది. షెంజెన్ వీసా మీద ఆరు నెలల్లో 90 రోజులు మించి ఉండకూడదు. డబ్బు యూరోల్లో.

భారతదేశం నుంచి నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. కారప్పొడి, ధనియాలపొడి, పప్పుల పొడి గట్టిగా కట్టి పెట్టుకోండి.

రైలు, ట్రాముల కాగితం టికెట్టు మీద తేదీ ముద్ర వేసుకోవడం మరవకండి. ముద్ర లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానాయే. చేతిసంచి ముందుకు వేసుకోండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారమే పాలు, రొట్టె కొనిపెట్టుకోండి. మరుగుదొడ్లకు చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి. చీర కట్టుకున్నా సరే, కాళ్ళకు మెత్తటి బూట్లు వేసుకోండి, పాత పట్నమంతా రాళ్ళు పరిచిన వీధులు.

మొదటి రోజు పాత పట్నం, హోఫ్‌బుర్గ్. రెండో రోజు షోన్‌బ్రున్. మూడో రోజు ఉదయం బ్రూగెల్ బొమ్మ, తర్వాత నాష్‌మార్క్ట్, మాక్ మ్యూజియం. నాలుగో రోజు కార్ల్ మార్క్స్ హోఫ్, ఫ్రాయిడ్ ఇల్లు, యూడెన్‌ప్లాట్స్. ఓపిక మిగిలితే సాయంత్రం ప్రాటర్ తోటలో 1897 నాటి జెయింట్ వీల్ ఎక్కండి.

ఇంకొక్క మాట. ఊరి ఉత్తరాన 21వ వార్డులో 1997లో పూర్తయిన ఇళ్ళ సముదాయం ఒకటుంది. 357 ఇళ్ళు. ఆడ ఆర్కిటెక్టులే నక్షాలు గీశారు. వంటగది కిటికీలోంచి చూస్తే కింద ఆడుకునే పిల్లలు కనిపించాలి, పిల్లల తోపుడు బండి పెట్టుకోవడానికి చోటుండాలి, మెట్ల దారి వెలుతురుగా ఉండాలి అని ముందే లెక్క చూసుకుని కట్టారు. దానికి మార్గరెట్ షూటె-లిహోట్స్కీ పేరే పెట్టారు. రేపు మీరు ఇల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రీ వంటింటికి ఏ మూలో మిగిలిన జాగా చూపిస్తే, ఈ ఊరి సంగతి చెప్పండి. కిటికీ ఎటు కావాలో, గట్టు ఎంత ఎత్తు కావాలో పని చేసేవాళ్ళే చెప్పాలి. వియన్నా వెళ్ళినా వెళ్ళకపోయినా ఇది మాత్రం మరవకండి.